వంటయింటి ముచ్చటలు: నలుగురు కూడి వండెడి అరిసెలు

ధనుర్మాసము నడుచుచున్నది. తెల్లవారుజామున మంచు కురియుచుండగనే ముంగిళ్లలో ముగ్గులు తీరుచున్నవి. వాని నడుమ గొబ్బెమ్మలు గుమ్మడిపూలు ధరించి కొలువుదీరుచున్నవి. కృష్ణా గోదావరీ మండలములలో సార్వా పంట యిల్లు చేరినది. అనకాపల్లి ప్రాంతమున చెరకు గానుగలు తిరుగుచున్నవి. కొత్త బియ్యమును కొత్త బెల్లమును ఒక్క కాలముననే చేతికి వచ్చుటచేత కాబోలు, ఆ రెంటిని కూర్చి వండెడి అరిసెయే మన సంక్రాంతికి గురుతైనది. ఈ మాసము మన ముచ్చటలు అరిసెను గూర్చియే. అరిసెతోపాటు, దానిని వండుటకు కూడెడి ఆడువారిని గూర్చియు నాలుగు మాటలు చెప్పవలెనని మా తలంపు.

గత మాసమున మాకు హైదరాబాదునుండి యొక సోదరి వ్రాసిన లేఖ చేరినది. ఆమె అత్తగారు రెండేండ్ల క్రిందట కాలధర్మము నందిరట. ఆ పెద్దామె యున్నన్నాళ్లును పాకము చూచుట ఆమె వంతు. పిండి జల్లించుట, అరిసెలొత్తుట కోడలి వంతు. ఇరువది రెండు సంక్రాంతులు ప్రక్కన కూర్చుండియు ఆ కోడలు పాకమును తన వ్రేళ్లతో తాకి చూచిన దొక్కనాడును లేదట. నిరుటి సంక్రాంతికి దుకాణమునుండి అరిసెలు తెప్పించిరి. చిన్నకుమారుడు ఒకటి కొరికి, "ఇవి నాయనమ్మ అరిసెలు కావు" అని పళ్లెమును ప్రక్కకు నెట్టెనట. "ఈ యేడు నేనే వండవలెనని యున్నది. పాకము తప్పునేమోయని చేయి యాడుట లేదు. ఇంట మరియొక ఆడతోడు లేదు. ఏమి చేయమందురు?" అని ఆ సోదరి యడిగినది.

ఇట్టి లేఖ లిదివరకును వచ్చుచునే యున్నవి. ఊళ్లు వేరు, పేళ్లు వేరు, అడిగినది మాత్ర మొక్కటే. కావున ఈ సోదరికి మేము చెప్పదలచినది మీకందరకును చెప్పుచున్నాము.

మొదట గ్రహింపవలసిన దొకటి కలదు. పులిహోర యొక్కరు కలుపవచ్చును. గారె లొక్కరు వేయవచ్చును. అరిసె లొక్కరు వండుట కష్టము. అది వండువారి నేర్పులోని లోపము కాదు. ఆ వంటకముయొక్క స్వభావమే యట్టిది. పాకము ఒకరికొరకు ఆగదు. పాకము వచ్చినదని తెలిసిన క్షణముననే దించవలెను. దించిన వెంటనే యొకరు పిండి పోయుచుండ మరియొకరు గట్టిచేతితో కలియబెట్టవలెను. ఒక్కరే పోసి యొక్కరే కలిపినచో ఉండలు కట్టును, లేదా ఆ సందడిలో పాకము ముదురును. తరువాత చలిమిడి ఆరిపోకముందే యొకరు ఆకుమీద నొత్తవలెను, ఒకరు మూకుడువద్ద నుండవలెను, మరియొకరు వేగిన యరిసెను రెండు చిల్లుల గరిటెల నడుమ నొత్తి నూనె దీయవలెను. ఇట్లు లెక్కించినచో నలుగురైదుగురు లేనిదే పని సుఖముగ సాగదు. మన పెద్దలు ఇరుగుపొరుగును పిలుచుకొని, నేడు మీయింట, రేపు మాయింట అని వంతులు వేసికొనుటకు గల కారణ మిదియే. ముచ్చటలు, నవ్వులాటలు ఆ పని వెంట వచ్చినవి.

ఇక బియ్యము మాట. అరిసెలకు పచ్చిబియ్యమే కావలెను, ఉప్పుడుబియ్యము పనికిరాదు. ఒక పగలును ఒక రాత్రియు నానబెట్టవలెను. పులిసిన వాసన రాకుండుటకు నడుమ రెండుసారులైనను నీరు మార్చవలెను. క్రొత్తబియ్యమునకు జిగురెక్కువ; పాతబియ్యము నీటిని ఎక్కువగ పీల్చుకొనును. కావున నిరుడు కుదిరిన కొలతయే ఈ యేడును కుదురునని నమ్మరాదు. నానిన బియ్యమును బుట్టలో వడకట్టి, నీడను పలుచని బట్టపై పరచి, కొంచెము తడియారనీయవలెను. పిడికెడు తీసి పట్టినప్పుడు చేతికి చెమ్మ తగులవలెను, నీరు కారరాదు. నాలుగు గింజలు అరచేతికి అంటుకొని యుండవలెను. అప్పుడే దంచుటకు తగినది.

పూర్వము ఈ దంపుడే యొక పండుగ. ఒక్క రోటిలోనే యిద్దరు ముగ్గురు ఎదురెదురుగ నిలిచి, రోకళ్లు మార్చి మార్చి వేయుచుండిరి. ఒకరి రోకలి లేచునప్పటికి మరియొకరిది దిగవలెను. తాళము తప్పినచో రోకలికి రోకలి తగులును. దంపుళ్ల పాటలు పుట్టినది ఆ తాళము నిలుపుకొనుటకే. నేడు తడిబియ్యము పట్టెడి మరలు పట్టణములలోను పల్లెలలోను గలవు; కొద్దిపాటి పిండి యైనచో ఇంటనున్న మిక్సీ చాలును. రోలు పోయినదని మేము దుఃఖించుట లేదు. ఆ పనికి నడుములు పడిపోయిన యిల్లాండ్రు ఎందరో గలరు. మర పట్టించినను, మిక్సీలో వేసినను, మరువరాని దొక్కటి: పిండి తడిగానే యుండవలెను. సన్నని జల్లెడ పట్టి, గిన్నెలో అదిమి, పైన తడిబట్ట కప్పవలెను. పిడికిట పట్టి వదలినచో ముద్ద విడిపోకుండ నిలువవలెను. పిండి ఆరినచో అరిసె నూనెలో విచ్చిపోవును. అంగడిలో అమ్మెడి పొడి బియ్యపుపిండి అరిసెలకు కుదురకపోవుటకు కారణ మిదియే.

బెల్లము విషయమున కంటికి నచ్చినదానికంటె నోటికి నచ్చినదే మేలు. దేశమునందలి పెద్ద బెల్లపు అంగళ్లలో అనకాపల్లి యొకటి. 2022 ఏప్రిల్ నుండి ఆ పట్టణము తన పేరిటి జిల్లాకే ముఖ్యస్థాన మైనది. పసుపుపచ్చగ మెరయు బెల్లమును జూచి మురియవలదు. రంగు తేరుటకై హైడ్రోసు అను రసాయనమును కలుపు వాడుక బెల్లపు వర్తకమున గలదు. కొంచెము నల్లగ, గోధుమవన్నెగ నున్న బెల్లమును కొని, చిన్నముక్క నోట వేసికొని చూడుడు. ఉప్పన తగిలినచో పాకము సరిగ రాదు. కిలో బియ్యమునకు 700 మొదలు 750 గ్రాముల బెల్లము చాలును. గిన్నె అడుగు తడియుటకు మించిన నీరు పోయరాదు. కరగిన తోడనే వడకట్టి, యిసుకయు నలకలును తీసివేసి మరల పొయ్యిమీద నుంచవలెను. నాలుగైదు ఏలకుల పొడి, రెండు మూడు చెంచాల నేయి, పిడికెడు నువ్వులు ముందే సిద్ధముగ నుండవలెను. పాకము వచ్చిన పిదప వెదకుకొనుటకు తీరిక యుండదు.

ఇప్పుడు పాకము. ఆ సోదరి భయపడునదియు దీనికే. బెల్లపునీరు మరుగుచున్నకొలది నీరు ఆవిరియై పోయి తీపి చిక్కబడును. చిక్కబడినకొలది మరుగుటకు వలయు వేడిమి పెరుగును. నీరు 100 డిగ్రీలకు మరుగునుగదా; పాకము 112 మొదలు 116 డిగ్రీలకు వచ్చినప్పుడు చల్లని నీట వేసినచో మెత్తని ఉండ యగును; 120 డిగ్రీలకు చేరువైనచో గట్టి ఉండ యగును; దానిని మించినచో పళ్లెమున వేయగా ఠంగున మ్రోగును. మెత్తని అరిసెలు కోరువారు మెత్తని ఉండవద్ద దించవలెను. కరకరలాడునవి కోరువారు గట్టి ఉండవద్ద దించవలెను. ఇంత వివరముగ వ్రాసినను ఆ రెంటి నడుమ గల వ్యవధి కొలది నిమిషములే. మంట పెద్దదైనచో నిమిషముకూడ నుండదు.

పాకపు వేడిని కొలుచు సాధనములు నేడు అంగడిలో దొరకుచున్నవి. కొనదలచినవారు కొనవచ్చును, మేము వలదనము. అయినను బెల్లము ఒక దిమ్మవలె మరియొక దిమ్మ యుండదు, పిండిలోని తడి ఒకనాటివలె మరియొకనా డుండదు. ఆ రెండును కలసినప్పుడు ఏమగునో తెలిసికొనునది వ్రేళ్లే. చిన్నగిన్నెలో చల్లని నీరు పోసి, పాకము నొక బొట్టు వేసి, మూడు వ్రేళ్లతో దగ్గరకు తీయుడు. నీట కరగిపోయినచో ఇంకను కాలేదు. తీగవలె సాగి చేతికి చిక్కనిచో ఇంకను కొంచెము కావలెను. జారక ఉండగా నిలిచి, వ్రేలితో నొక్కగా అణగినచో వచ్చినదని యర్థము. దీనిని చదివినవారికి తెలియును. చేసి చూచినవారికి చేతనగును. ఒక్కసారి తెలిసినవారి ప్రక్కన నిలిచి, వారు చూచిన వెంటనే తానును తాకి చూచినచో ఆ వ్రేళ్లకు గురుతు నిలిచిపోవును. ఇరువది రెండు సంవత్సరములు ప్రక్కన కూర్చున్నను మన సోదరికి పట్టుపడనిది ఈ తాకిడియే.

పాకమును దించిన పిదప నేయి, ఏలకులపొడి, నువ్వులు వేసి, పిండిని కొంచెము కొంచెముగ పోయుచు కలియబెట్టవలెను. పిండి యంతయు నొక్కసారి పోయరాదు. గుప్పెడైనను ప్రక్కన మిగుల్చుకొనవలెను. ఎంత పట్టునో పాకమే చెప్పును. గరిటెకు బరువుగ తగులుచు, ఇంకను కొంచెము జారుగా నున్నప్పుడే ఆపవలెను. చల్లారినకొలది తానే గట్టిపడును. ఇదియే చలిమిడి. ఆడుబిడ్డను అత్తవారింటికి పంపునప్పుడు కడుపు చలువయని పెట్టి పంపునదియు చలిమిడియే. పైన నేయి రాచి మూత పెట్టి, నిమ్మకాయంత యుండలు చేసి, నేయి పూసిన అరటియాకుపై వ్రేళ్లతో నొత్తి, నడిమి మంటపై వేయింపవలెను. నువ్వులద్దువారు ఒత్తునప్పుడే యద్దవలెను. ఎఱ్ఱబడక మునుపే తీయుట మేలు. తీసిన పిదపకూడ వేడికి కొంత రంగు తిరుగును.

మొదట ఒక్కటి మాత్రము వేసి చూడుడు. అది నూనెలో విచ్చిపోయినచో పాకము లేతది; మిగుల్చుకొన్న పిండిని కొంచెము కలిపి మర్దించిన కుదురును. అరిసె అంచులు పగిలి రాయివలె నైనచో పాకము ముదిరినది. గోరువెచ్చని పాలు చిలకరించి చలిమిడిని మెత్తగ మర్దింపవలెను. ఈ ఉపాయములు తెలిసినచో పాకము తప్పునను భయము సగము తీరును. మిగిలిన సగమును ప్రక్కనున్న మనుష్యులు తీర్తురు.

తెలంగాణమున సకినాల సంగతియు ఇట్టిదే. బియ్యమును నానబెట్టి పట్టించిన పిండిలో నువ్వులు, వాము, ఉప్పు చేర్చి నీటితో కలిపి, నేలమీద శుభ్రమైన నూలుబట్ట పరచి, దానిచుట్టు ఆడువారు కూర్చుందురు. పిండిని వ్రేళ్ల నడుమ మెలిపెట్టుచు ఒకదానిచుట్టు నొకటిగ మూడు నాలుగు వలయములు చుట్టుదురు. బట్ట నీటిని పీల్చుకొని సకినము కొంచెము బిగిసిన పిదప తీసి నూనెలో వేయుదురు. పెండ్లిళ్లకు బుట్టలకొలది సకినాలు వలసినప్పుడు వాడలోని ఆడువారందరును చేయి వేయక తీరదు. క్రొత్తగ నేర్చుకొను చిన్నపిల్ల చుట్టిన వంకరసకినమును జూచి పెద్దలు నవ్వుదురు. దానినికూడ పారవేయక వేయింతురు. ఆ పిల్లకు మరుసటి యేడు వలయము తిన్నగ తిరుగును.

ఈ అరిసె మన యొక్కరిదే యని తలంపరాదు. తమిళులు దీపావళికి అదిరసము చేయుదురు. కన్నడిగులు కజ్జాయ మందురు. ఒడియావారు అరిసా పిఠా యందురు. మహారాష్ట్రులు అనరసె యందురు. మహారాష్ట్రుల పద్ధతి చిత్రమైనది. వారు మూడు దినములు నానిన బియ్యపుపిండిలో బెల్లమును పచ్చిగానే కలిపి నిలువయుంతురు, పాకము పట్టరు. విజయనగరరాజుల కాలపు తిరుమల శాసనములలో స్వామి నైవేద్యములలో అతిరసములును పేర్కొనబడినవి. ఇన్ని భాషలయందు, ఇన్ని శతాబ్దములు ఈ వంటకము నిలిచినదనిన, కోడలు అత్తయొద్దను, కూతురు తల్లియొద్దను, పొరుగింటామె పొరుగింటామెయొద్దను నేర్చుకొనుటచేతనే గదా! ఎక్కడనైన నొక తరమువారు నేర్పక విడిచినచో ఆ యింట తీగ తెగినట్లే.

ఇచ్చట మేము కొంచెము కఠినమైన మాటయు చెప్పవలసియున్నది. కూడి వండుకొన్న ఆ పూర్వపు దినములను తలచుకొని మనము ముచ్చటపడుదుము. ఆ దినములలో అందరును సుఖపడిరని మాత్రము అనలేము. తెల్లవారుజామునుండి దీపాలవేళ వరకు మూకుడుముందు నిలిచినది తరచుగ క్రొత్తకోడలే. అందరి పిదప తిన్నదియు నామెయే. మడి పేరిట కొందరు వాకిటనే నిలిచిపోయిరి. వారు దంచిన పిండి లోనికి వచ్చినది గాని వారు రాలేదు. భర్తను గోల్పోయిన స్త్రీచేత చాకిరి చేయించుకొని, పేరంటమునాడు ఆమెను చాటున కూర్చుండబెట్టిన యిండ్లును గలవు. ఈ చేదును మరచి ఆ తీపినే తలచుకొనుట న్యాయము కాదు.

కావున మనము మరల కూడుకొన్నప్పుడు మునుపటికంటె మంచి పద్ధతిని కూడుకొందము. పిలుచునప్పుడు కులము నడుగవలదు. మన వాకిటికి వచ్చినవారు మన పొయ్యివద్దకును రావచ్చును. మూకుడువద్ద నెవ్వరును అరగంటకు మించి నిలువరాదు, వంతులు మారవలెను. బియ్యము, బెల్లము, నేయి, నూనెల ఖర్చు అందరును సమముగ పంచుకొనవలెను. వండిన అరిసెలనుకూడ సమముగ పంచుకొనవలెను. ఇంటిపనికి వచ్చు సహాయకురాలిని నిలుపుకొన్నచో ఆ పూటకు వేరుగ కూలి యీయవలెను. స్నేహముపేర ఉచితముగ చేయించుకొనరాదు. పురుషులకును పని గలదు. చలిమిడిని కలియబెట్టుటకు బలమైన చేయి వలయును. మర పట్టించి తెచ్చుటకును, గిన్నెలు తోముటకును చేతులు వలయును. పిల్లలను పొయ్యికి దూరముగ కూర్చుండబెట్టి నువ్వు లద్దించవచ్చును. వ్రేలాడు పైటకొంగులను బిగించి దోపుకొనవలెను; మూకుడును సగమునకు మించి నింపరాదు; కాగిన నూనెలో నీటిచుక్క పడనీయరాదు.

కొనుక్కొనుట అవమాన మనియు మేమనము. అత్రేయపురపు పూతరేకులకు 2023 సంవత్సరమున భౌగోళిక గుర్తింపు లభించినది. బోర్లించిన కుండపై పలుచని బియ్యపుపిండి పొర నొక్క చేతివాటున తీసెడి ఆ విద్య అక్కడి స్త్రీలది. ఎన్నో కుటుంబములు దానివలన బ్రదుకుచున్నవి. డ్వాక్రా సంఘముల సోదరీమణులు పిండివంటలు చేసి అమ్ముట మన మెరుగుదుము. ఉద్యోగమునకు పోవు ఇల్లాలు, ఒంట్లో బాగుండని ఇల్లాలు, పసిబిడ్డతల్లి అట్టివారివద్ద కొన్నచో ఇరువురకును మేలే. బేరమాడి వారి కష్టమును తగ్గింపకుండుట మన ధర్మము. అయితే కొన్న పెట్టెలో అరిసెలు వచ్చును గాని పాకము తెలిసిన చేయి రాదు. ఒక్క యేడు కొన్నంత మాత్రమున నేమియు పోదు. పది యేండ్లు వరుసగ కొన్నచో ఆ యింట పాకము తెలిసినవా రుండరు.

హైదరాబాదు సోదరికి మా సలహా యిది. అమ్మా, మీ యింట అత్తగారు లేరు. మీరున్న భవనమున వేరొకరి అత్తగారు తప్పక యుందురు. కొడుకువద్దకో కూతురువద్దకో వచ్చి, పగలంతయు తలుపు వేసికొని, ఎవ్వరితో మాటాడవలెనో తెలియక కూర్చున్న పెద్దామెలు నేటి పట్టణపు భవనములలో ఎందరో! వారిలో నొకరి తలుపు తట్టి, "పిన్నిగారూ, మాకు పాకము చూచి పెట్టుదురా?" అని యడుగుడు. వంట చేసి పెట్టుమని యడుగవలదు; కుర్చీ వేసి కూర్చుండబెట్టి, చూపి చెప్పుమని యడుగుడు. తనకు తెలిసిన దింకను ఒకరికి కావలసియున్నదని తెలిసిననాడు ఆమె ముఖమున వచ్చు వెలుగును మీరే చూతురు. మీవంటివారే మరి ముగ్గురిని పిలుచుకొనుడు. భోగికి నాలుగైదు దినముల ముందుగ, అందరకును తీరికయైన యొక సెలవుదినమున పెట్టుకొనుడు. తొలిసారి అరకిలో బియ్యమే నానబెట్టుడు; తప్పినను నష్టము స్వల్పము. పాకము చూచు గిన్నెలో పెద్దామె తరువాత మీ నలుగురును వరుసగ వ్రేళ్లు పెట్టి చూడవలెను. ఆమె "ఇంకా" అన్నప్పుడు ఎట్లున్నదో, "చాలు" అన్నప్పుడు ఎట్లున్నదో రెండును తాకి యెరుగవలెను. మీ చిన్నకుమారునికూడ పిలిచి ఆ ఉండను చేతికీయుడు. నాయనమ్మ అరిసెలు గురుతున్న బిడ్డ ఆ పాకమును తప్పక నేర్చుకొనగలడు. మగబిడ్డకేల యని యెవ్వరైన అనినచో నవ్వి యూరకుండుడు.

అమెరికాలోను, సింగపూరులోను, ఇతర దేశములలోను నున్న మన సోదరీమణులకును ఇదే మాట. అక్కడ తడిబియ్యము పట్టు మర లేకున్నను, మిక్సీలో కొంచెము కొంచెముగ వేసి జల్లించుకొనవచ్చును. పెద్దామె ప్రక్కన లేనివారు దూరవాణిలో తల్లికి పాకపు బొట్టును చూపి యడుగుచున్నారు. అదియు మంచిదే, అయినను ఆ దృశ్యమున వ్రేళ్లకు తెలియునది కొంత తక్కువ. తల్లి అక్కడికి వెళ్లినప్పుడో, తాము ఇక్కడికి వచ్చినప్పుడో, పండుగ కాకున్నను ఒక్కసారి కలసి పాకము పట్టవలెను.

ఆరోగ్యమును గూర్చియు రెండు మాటలు. బెల్లము చక్కెరకంటె మంచిదని మధుమేహము గలవారు అరిసెలు స్వేచ్ఛగ తినుచుందురు. అది పొరపాటు. బెల్లమున లోహాంశములు కొంచె మున్నను, రక్తములోని చక్కెరను పెంచుటలో దానికిని చక్కెరకును పెద్ద భేదము లేదు. అట్టివారికి పూరీయంత అరిసెకు బదులుగ రూపాయిబిళ్లకు కొంచెము పెద్దదిగ చేసి ఒక్కటి యిచ్చినచో మనస్సును నొవ్వదు, మేనును నొవ్వదు. నువ్వులలో సున్నపు ధాతువు పుష్కలము, ధారాళముగ అద్దుడు. వండిన అరిసెలను పూర్తిగ చల్లారిన పిదపనే డబ్బాలో నుంచవలెను. వేడిమీద మూత పెట్టినచో ఆవిరి నిలిచి బూజు పట్టును. మిగిలిన నూనె నల్లబడి నురుగు వచ్చుచున్నచో దానిని మరల వంటకు వాడరాదు.

బిడ్డ తొలియడుగులు వేసిననాడు అరిసెలమీద నడిపించి, వానిని పేరంటాండ్రకు పంచిపెట్టు ముచ్చట మన యిండ్ల నింకను గలదు. ఆనాటికి అరిసెలు ఎవరు వండుదురని ఇప్పుడే యెవ్వరును ఆలోచింపరు. ఈ సంక్రాంతికి ఒక్కొక్క వాడలో, ఒక్కొక్క భవనములో నలుగురు కూడి, తెలిసినవారొకరు తెలియనివారు ముగ్గురికి పాకము చూపినచో, ఆ చింత మనకు చాలకాలము రాదు.

మీ యిండ్ల కొలతలు, మీ పెద్దలు చెప్పిన గురుతులు, కూడి వండినప్పటి మీ యనుభవములు మాకు వ్రాసి పంపుడు. అందరకు పనికివచ్చువానిని ఈ పుటలలో ప్రకటింతుము. వచ్చు మాసమున, ఎండలు ముదురుచున్న వేళకు తగినట్లు, గుమ్మడి వడియములను గూర్చి ముచ్చటింతుము. పాఠకురాండ్రకెల్ల సంక్రాంతి శుభాకాంక్షలు.